తలమోపుకు ఆశీలు

పోయిన నెలలో మా చెల్లెలి మనవడు కారు కొన్నాడు. కొన్నాడంటే బ్యాంకు కొన్నది, వీడు తోలుతున్నాడు. ఒంగోలులో కళ్లు చూపిస్తాను రా తాతా అని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, పారిపోతానేమో అన్నట్టు పట్టీ బిగించి, పెద్దరోడ్డు ఎక్కించాడు. కొంత దూరం పోయాక టోల్‌గేటు వచ్చింది.

ఇప్పటి గేటుకు మనిషితో పని లేదు. కారు అద్దానికి అంటించిన ముక్కను పైనున్న కన్ను చూస్తుంది. అడ్డకర్ర లేస్తుంది. డబ్బులు పోతాయి. దొంగ కూడా ఇంత సుఖంగా తీసుకోలేడు, వాడు కనీసం గోడ దూకాలి. నేను బండి పక్కకు ఆపించి, దిగి, అక్కడున్న నీలం బోర్డు మొత్తం చదివాను. డబ్బు కట్టనక్కరలేని వాళ్ల జాబితా అది. రాష్ట్రపతితో మొదలై గవర్నర్లు, మంత్రులు, జడ్జీలు, కిందికి దిగేకొద్దీ ఇంకా ఎవరెవరో పెద్దలు. పాపం, వాళ్ల దగ్గర చిల్లర ఉండదు కాబోలు. మిరపకాయల టిక్కీలు వేసుకొని పోయే ట్రాలీ ఆటోవాడి పేరు అందులో ఎంత వెతికినా కనబడలేదు.

తర్వాత గదిలో కూర్చున్న అమ్మాయిని చీటి అడిగాను. ఫోనుకు మెసేజ్ వచ్చింది గదా తాతా అంది. ఫోనుకు వచ్చింది ఫోనుకు, నాకు చీటి కావాలి అన్నాను. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. మనవడు తల స్టీరింగుకు ఆనించుకున్నాడు. ఆ పిల్ల నా తెల్లజుట్టు చూసి జాలిపడి మిషను నొక్కి చీటి చింపి ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను.

"ఆ చీటి ఏం చేసుకుంటావు తాతా?" అన్నాడు వాడు.

చెప్పడం మొదలుపెట్టాను. పొదిలి దాటక ముందే వాడు పాటలు పెట్టుకున్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కాగితానికి పాటల మీట ఉండదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు ఉండవచ్చు. అప్పటికి మాది కర్నూలు జిల్లా. తర్వాత ప్రకాశం అన్నారు. జిల్లా మారినందుకు మా ఇంటి గోడ జానెడు కూడా జరగలేదు గానీ, కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలంటే తిరగాల్సిన దిక్కు మారింది. నల్లమల వైపు నుంచి టౌనులోకి వచ్చే దారిలో ఆశీలు గేటు ఉండేది. ఏ టౌను అని అడగొద్దు. అప్పట్లో గేటు లేని టౌను ఏదో చెప్పండి, దాన్ని వదిలేసి మిగతా వాటిలో ఏదైనా అనుకోండి.

గేటంటే రెండు రాతి స్తంభాలు, మధ్యలో ఒక ఇనుప గొలుసు, పక్కన బోదగడ్డి కప్పిన కొట్టం, కొట్టానికి వేలాడదీసిన రేకు బోర్డు. ఊర్లోకి వచ్చే ప్రతి బండీ, ప్రతి జీవమూ డబ్బు కట్టి గొలుసు దాటాలి. ఆ వసూలు హక్కును ఏటా వేలం పాడేవారు. పాడుకున్నాయన్ని పాటదారు అనేవాళ్లం. పాట అంటే ఆయన పాడిందేమీ లేదు, తర్వాత ఏడాదంతా పాడింది బండ్లవాళ్లే. వసూలైన సొమ్ము రోడ్డు బాగు చేయడానికి అని చెప్పేవారు. గొలుసుకు ముందు మోకాలి లోతు గుంట ఒకటి ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దాన్ని బాగు చేస్తూనే ఉన్నారు. గుంట ఉంటే బండి దానంతట అదే ఆగుతుంది, కేక వేసే శ్రమ తప్పుతుంది.

పాటదారు తన రైసుమిల్లులో కూర్చునేవాడు. గేటు దగ్గర ఆయన మనిషి ఉండేవాడు, ఖాకీ చొక్కా, చెవిలో బీడీ. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. కులం వేరు, మతం వేరు, ఆయన దేవుడు కొండ మీద ఉంటే మా దేవుడు పెంకుటింటి చర్చిలో ఉండేవాడు. అయినా మా వైపు ఎవరినీ వరస లేకుండా వదిలిపెట్టరు. అప్పు ఇచ్చినవాడు బావ, జరిమానా వేసినవాడు చిన్నాయన.

నేను టౌనులో పలకల కార్ఖానాలో పనిచేసేవాడిని. రాతిని పొరలుగా చీల్చి, కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రాలు బిగించేవాళ్లం. దేశంలో సగం మంది పిల్లలు మా పలకల మీదే అ ఆలు దిద్దారని మా యజమాని గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే. వాటిని చేసిన మాకు మాత్రం వాటి మీద ఏం రాస్తారో తెలియదు. మా పాలెంలో పాదిరి బడి ఉండేది. నేను మూడు రోజులు పోయి, నాలుగో రోజు గొర్రెల వెంట పోయాను. గొర్రెలు కొట్టవు.

మా నాయనా ఆ కార్ఖానాలోనే పనిచేసి, ఆ రాతి దుమ్మంతా రొమ్ములో నింపుకొని, నాకు పని అప్పగించి పంచలో మంచం ఎక్కాడు. నా కూలి నాయన మందులకు సరిపోయేది. బియ్యానికి ఆధారం మా అమ్మ తెచ్చే కట్టెల మోపు. ముందురోజు అడవి అంచుకు పోయి ఎండుకట్టె కొట్టుకొచ్చి, తెల్లారి తల మీద చుట్టబట్ట పెట్టుకొని మోపెత్తుకొని, టౌనులో హోటళ్లకూ ఇళ్లకూ అమ్మేది. ఇంట్లో గొడ్డలి ఒకటే. నాయన పిడి చెక్కి ఇచ్చిన గొడ్డలి. అది ఉంటే మోపు, మోపు ఉంటే అన్నం. మా ఇంటి ఆర్థికశాస్త్రం అంతే.

రోజూ ఇద్దరం కలిసి గేటు దాకా నడిచేవాళ్లం. మోపుల ఆడవాళ్లు పదిమంది వరసగా నిలబడి తలా ఐదు పైసలు కట్టి, తలా ఒక పచ్చ చీటి తీసుకొని లోపలికి పోయేవారు. వరస కదిలేదాకా నేను బోర్డు వైపు చూస్తూ నిలబడేవాడిని. నా బడి అదే. పైకప్పు లేదు, దెబ్బలు లేవు, సెలవులు లేవు.

పలకలు డజన్ల లెక్కన పేర్చినవాడిని కాబట్టి అంకెలు నాకు వచ్చు. బోర్డు మీద ప్రతి వరస చివరా ఒక అంకె ఉండేది. మామ బండి రాగానే బండికి ఇంత, పొట్టేలుకు ఇంత అని అరిచేవాడు. ఆ అంకె ఏ వరస చివర ఉందో చూసుకుంటే, ఆ వరస పేరు పొట్టేలు అన్నమాట. అట్లా ఒక్కో వరసనూ దాని ధర పట్టుకొని చదివాను. ఆవు, దున్నపోతు, ఎద్దుల బండి, ఖాళీ బండి. కార్ఖానాలో పగిలిన పలక ముక్కల మీద వాటిని దిద్దుకునేవాడిని. మేకకూ గాడిదకూ ఒకే ధర పెట్టినందువల్ల కొన్ని వారాలు మేకను గాడిద అనే చదివాను. ఆ తప్పు పాటదారుది, నాది కాదు.

చిట్టచివరి వరస ఒక్కటి లొంగలేదు. దాని పక్కన అంకె లేదు. ధర లేనిదాన్ని ఎట్లా చదవాలో నాకు తెలియదు. పై వరసల్లోంచి అక్షరాలు ఒక్కొక్కటే ఏరుకొచ్చి కింద పేర్చుకున్నాను. ఎండాకాలం మొదలుపెడితే జొన్న కోతలకు పూర్తయింది. పూర్తయిన రోజు మొదటి నుంచి మళ్లీ ఒకసారి చదివాను. తలమోపులకు ఆశీలు లేదు, అని ఉంది అక్కడ.

ఎన్నేళ్లుగా మా అమ్మ రోజుకు ఐదు పైసలు ఊరికే కట్టిందో తలచుకుంటే కోపంతో నాకు కళ్లు కనబడలేదు. ఆమెకు చెప్పలేదు. సరైన సమయం కోసం చూశాను. అంటే జనం ఎక్కువ ఉన్న సమయం. సంత రోజు పొద్దున వెనక పది బండ్లు ఆగి ఉండగా వరసలోంచి ముందుకు వచ్చి బోర్డు కింద నిలబడ్డాను.

"ఏంది అల్లుడా, బోర్డును మింగేటట్టు చూస్తాండావు?" అన్నాడు మామ.

"చదువుతాండా మామా."

"చదువు చదువు. కలెక్టరు కుర్చీ నీ కోసమే తుడిచి పెట్టినారంట."

బండ్లవాళ్లు నవ్వారు. నేను చివరి వరస కింద వేలు పెట్టి, పాస్టరు గారు వాక్యం చదివినట్టు గొంతెత్తి చదివాను. వెనక నుంచి మా అమ్మ నా చొక్కా పట్టుకొని లాగింది. భయపడుతోంది పాపం అనుకొని ఇంకోసారి, ఇంకా గట్టిగా చదివాను. ఒక బండి మీద హైస్కూలు మేస్టరు ఒకాయన బియ్యం మూట పక్కన కూర్చొని ఉన్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కళ్లద్దాలు సర్దుకొని, చూసి, అవును అట్లనే ఉంది అన్నాడు. అన్న తర్వాత ఎందుకో మా అమ్మ మోపు వైపు చూసి తల దించుకున్నాడు.

మామ సైకిలెక్కి మిల్లుకు పోయాడు. కొత్త వేలం దగ్గర్లోనే ఉంది. ఎవరైనా పైకి అర్జీ పెడితే తన పాట పోతుందని పాటదారుకు భయం. మామ తిరిగి వచ్చి, ఈ పొద్దు నుంచి మోపులకు ఆశీలు లేదు, చీటీ లేదు, పోండి అని గొలుసు దించాడు. నా చదువుతో పది మంది ఆడవాళ్లకు స్వేచ్ఛ వచ్చింది. ఒక్కతీ నవ్వలేదు. కృతజ్ఞత ఎక్కువై నోరు రాలేదని అనుకున్నాను.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థనలో నా సంగతి ఎత్తాడు. చెరలో ఉన్నవారికి విడుదల ప్రకటించిన యువకుడు అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను, కానీ అందరికీ కనబడేంత మాత్రమే వంచాను. ఆడవాళ్ల చాప వైపు నుంచి దగ్గులు వినిపించాయి. ఆమెన్ పెద్దగా వినిపించలేదు.

మంగళవారం సాయంత్రం పని దిగి వస్తుంటే, టౌనులో కట్టెలు అమ్మే మూల మీద మా అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. పక్కన మోపు లేదు. అమ్మినట్టు కొంగున ముడీ లేదు. తిరుగు దారిలో కట్టె కొట్టడానికి మోపులో దోపుకొని తెచ్చుకునే గొడ్డలీ లేదు. ఫారెస్టు గార్డు తీసుకున్నాడని పక్కనున్న ఆకుకూరల ఆమె చెప్పింది. అమ్మ లేచి నడిచింది. ఇంటికి పోయి పొయ్యి వెలిగించింది. నాయనకు గంజి తాగించి, మూతి తుడిచి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నీకు చదువు వచ్చిందని సంతోషమే రా. ఆ కింద లైను సంగతి మాకు ఎప్పుడో తెలుసు."

"తెలిసీ కట్టినారా?"

"ఆ మేస్టరు ఇంటికి మోపు వేసేది నేనే. వాళ్లామె ఎన్నడో చెప్పింది. తెలిసే కట్టినాం. మేము కట్టింది ఆశీలు కాదు నాయనా, చీటి కొనుక్కున్నాం."

అప్పుడు విడమరిచి చెప్పింది. మూల మీద గార్డు నిలబడతాడు. కొన్నాళ్లు సెలవులో పోయి ఆ పొద్దే తిరిగి వచ్చాడు. మోపులో పచ్చ చీటి కనబడితే అది గేటు దాటి, ముద్ర వేయించుకొని వచ్చిన సరుకు. ఊరి సరుకు మీద వాడికి అధికారం లేదు. చీటి లేకపోతే అది అడవి సొత్తు. కట్టె అదే, తల అదే, చెమట అదే. ఐదు పైసల కాగితం ఒక్కటే తేడా. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చొని చేసింది కాదు. మామకు తెలుసు, గార్డుకు తెలుసు, పది మంది ఆడవాళ్లకు తెలుసు, మేస్టరు భార్యకు తెలుసు. బోర్డు చదవగలిగిన నాకు ఒక్కడికే తెలియదు.

పంచలోంచి నాయన దగ్గుతూ అన్నాడు. "వాణ్ణి నాలుగో రోజు కూడా బడికి పంపింటే బాగుండేది. చదువు అక్కడే చాలించేటోడు."

మర్నాడు అమ్మ ఎవరిదో గొడ్డలి అడుక్కొని కట్టె కొట్టుకొచ్చింది. ఆ తెల్లారి మోపెత్తుకొని నాతో గేటుకు వచ్చింది. మిగతా తొమ్మిది మంది అప్పటికే అక్కడ ఉన్నారు. వాళ్లలో ఇద్దరివి కూడా మంగళవారమే మోపులు పోయాయి. అమ్మ ఐదు పైసల బిళ్ల ముందుకు చాచింది.

"చీటి ఇయ్యన్నా."

మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "బోర్డులో లేదు గదమ్మా. లేనిది తీసుకుంటే నా ఉద్యోగం పోతాది. నీ కొడుకు చదువుకున్నోడు. రేపు మళ్ల చదువుతాడు."

ఆశీలు మనిషి డబ్బు వద్దనడం నా జీవితంలో ఆ ఒక్కసారే చూశాను. అమ్మ బిళ్లను కొట్టంలో బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వేలితో నెట్టి ఆమె వైపుకు జరిపాడు. ఆమె ఇటు జరిపింది. ఆయన అటు జరిపాడు. అట్లా కొంతసేపు అయినాక అమ్మ బయటికి వచ్చి, గొలుసు ముందర ఆ గుంట పక్కనే, దారికి అడ్డంగా మోపు దించి దాని మీద కూర్చుంది. మిగతావాళ్లూ దించారు. పది మోపులు పడుకుంటే రోడ్డు మిగల్లేదు. బండ్లు ఆగాయి, గొర్రెలు ఆగాయి, కంభం బస్సు ఆగింది. డ్రైవరు దిగి, ఎవరమ్మా పోయింది అని అడిగాడు. చీటి పోయింది అన్నారు వీళ్లు.

పాటదారు మోటారుసైకిలు మీద వచ్చాడు. జనం ఆశీలు ఎత్తేయమని కొట్లాడటం ఆయన చూశాడు గానీ, వేయమని కూర్చోవడం చూడలేదు. సంగతి అర్థమయ్యేసరికి మొహం వెలిగిపోయింది. ఆఫీసుకు రాస్తే ఆర్నెల్లు పడుతుంది, రంగు డబ్బా మిల్లులోనే ఉంది, బోర్డు నాది, అయితే రాసేవాడు కావాలి అన్నాడు. మేస్టరును పిలిపిద్దామా అన్నాడు మామ. వద్దని అమ్మ నా వైపు చూపించింది.

"వీడు రాస్తాడు. ఊరంతటికీ చదివి వినిపించింది వీడే గదా."

నేను రాయనన్నాను. లేని పన్ను నా చేత్తో వేయడం అన్యాయం అన్నాను. ఇంకా చాలా అన్నాను, పాస్టరు గారి మాటలు కొన్ని కలిపి. బస్సులోంచి ఒకాయన బాగుంది బాగుంది అన్నాడు. మా అమ్మ అంతా విని, మోపు మీద నుంచి లేవకుండానే చెప్పింది.

"న్యాయం నీ పలక మీద రాసుకో. బోర్డు మీద నా మోపు రాయి. నా గొడ్డలి వాడి దగ్గర ఉంది."

ముక్కాలిపీట ఎక్కాను. కదలకుండా మామ పట్టుకున్నాడు. లేదు అన్న మాట మీద నల్లరంగు పూశాను. అది ఆరేదాకా అందరూ నా వీపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత తెల్లరంగుతో అంకె వేశాను. పక్కన పైసలు అని పై వరస చూసి దించాను. కుంచె జారి అంకె తోక చుట్టుకుపోయింది.

"అల్లుడా, ఆ అయిదు కడుపు కొంచెం తగ్గించు, ఎనిమిది అనుకుంటారు" అన్నాడు మామ కింద నుంచి.

పలకల మీద గీతలు తప్ప, నలుగురూ చూసేటట్టు నేను రాసిన మొదటి రాత అది. మా అమ్మ మీద పన్ను. తర్వాత ఎన్ని అర్జీలు రాశానో, ఎంతమందికి రాసిపెట్టానో లెక్కలేదు. ఒక్కటీ అంత తొందరగా అమలు కాలేదు.

అమ్మ వచ్చి బోర్డు కింద నిలబడింది.

"ఏం రాసినావో చదువు."

చదివాను. నేను చదువుతుంటే ఆమె తలెత్తి వినడం అదే మొదలు. బిళ్ల ఇచ్చి చీటి తీసుకుంది. చూసేవాడికి కనబడేటట్టు మోపు పైన రెండు కట్టెల మధ్య దోపింది. మోపు ఎత్తమంది. ఎత్తాను. గొలుసు దిగింది. నేను కార్ఖానాకు పోకుండా ఆమె వెంట మూల దాకా నడిచాను.

గార్డు చీటి చూశాడు. మోపు చూడలేదు. పక్కకు జరిగాడు. అమ్మ ఆగి, మొన్న తీసుకున్న గొడ్డలి ఇయ్యన్నా, ఆ పొద్దు చీటి మరిచిపోయి వచ్చినాను అంది. గేటు దగ్గర జరిగిన గొడవ అప్పటికే ఆయన చెవిన పడినట్టుంది. వెనక గదిలోకి పోయి, అక్కడ పోగుపడిన వాటిలోంచి చేతికి దొరికింది తెచ్చి ఇచ్చాడు.

అది మా గొడ్డలి కాదు. పిడి పొట్టిది, నాయన చెక్కింది కాదు. మా అమ్మకూ తెలుసు. చేత్తో బరువు చూసి, అంచు మీద బొటనవేలు ఆనించి, నా చేతికి ఇచ్చి నడిచింది. పిడి మీద ఎవరో రెండక్షరాలు చెక్కుకున్నారు. నేను చదివాను. పైకి చదవలేదు.